బీముకీ రెయిలింగుకీ మధ్య

నవ్వనంటేనే చెప్తాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకే జరిగింది. మా పిల్లల మీద ఒట్టు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో తణుకు దగ్గర ఒక గోడౌన్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసేవాణ్ణి. పైకప్పు లైట్లు మార్చడానికి అక్కడో సిజర్ లిఫ్ట్ ఉండేది. నాలుగు చక్రాల బండి. దాని మీద కత్తెరలాంటి ఇనప కాళ్లు. మీట నొక్కితే అవి సాగుతూ పైకి లేస్తాయి. వాటి మీద రెయిలింగు కట్టిన ప్లాట్‌ఫారం. అందులో మనిషి నిలబడాలి. పైన ఒకడుంటే కింద ఇంకొకడు ఉండి తీరాలని రూలు. పైవాడు ఇరుక్కుపోతే, బండి వెనకాల ఉన్న ఎర్ర పిడి లాగి కిందివాడు దించాలి.

నాకు కింద ఎప్పుడూ సూర్రావు బాబాయే. చుట్టం కాదు. యాభై దాటిన హెల్పరు. నోరు తక్కువ, జాగ్రత్త ఎక్కువ.

ఆ రోజు వాన. చీకటి పడింది. గేటు దగ్గర లారీకి టార్పాలిన్ పట్టా కట్టాలని ఇంజనీరు గారు బాబాయిని పిలిచారు.

"నేనొచ్చేదాకా ఎక్కకు అబ్బాయ్," అన్నాడు బాబాయ్.

"ఒక్క లైటే కదా. నువ్వెళ్లు బాబాయ్."

ఎక్కాను. నడుం బెల్టు గొలుసు రెయిలింగుకి తగిలించుకున్నాను. మీట నొక్కాను. గుయ్‌య్‌... మంటూ లేచింది. ఇనప బీము దగ్గరపడగానే మీట వదిలేశాను.

ఆగలేదు.

అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్ కొట్టాను. మోటారు చప్పుడు ఆగిపోయింది... ప్లాట్‌ఫారం మాత్రం లేస్తూనే ఉంది. చప్పుడు లేకుండా. అంగుళం... ఇంకో అంగుళం. బీము వీపుకి తగిలింది. వంగాను. రెయిలింగు ఛాతీని నొక్కేసింది. అరుద్దామంటే ఊపిరి లేదు. రేకుల మీద వాన. నా పళ్లు ఇనుముకి తగిలి టకటకలాడుతున్నాయి. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు... కింద నుంచి...

"తల పక్కకి తిప్పుకో అబ్బాయ్. దించుతున్నా."

బాబాయి గొంతే. నెమ్మదిగా. ఏ కంగారూ లేకుండా.

స్‌స్‌స్... అని లిఫ్టుని ఎత్తిన నూనె గొట్టాల్లో వెనక్కి జారుతున్న చప్పుడు. బీము వీపుని వదిలింది. నేలకి దిగాక గొలుసు విప్పుకుని కూలబడ్డాను.

"బాబాయ్..."

ఎవరూ లేరు. బయట అంత వాన... లోపల నేల మీద ఒక్క తడి అడుగు కూడా లేదు. ఎర్ర పిడి మాత్రం బయటికి లాగి ఉంది.

గేటు దగ్గరికి పరిగెత్తాను. బాబాయి లారీ మీదున్నాడు, తాడు బిగిస్తూ.

"ఏంట్రా అలా ఉన్నావ్?" అన్నాడు.

"ఇప్పుడు నన్ను దించింది నువ్వు కాదా బాబాయ్?"

"సూర్రావు ఇక్కణ్ణుంచి కదల్లేదయ్యా," అన్నారు పక్కనే గొడుగేసుకుని నిలబడ్డ ఇంజనీరు గారు.

లిఫ్ట్ తాళం ఆయన చేతిలో పెట్టాను. "బాగుచేయించేదాకా ఎవర్నీ ఎక్కించకండి సార్."

"మెకానిక్‌కి ఫోన్ చేస్తాలే."

మెకానిక్ రాలేదు. మూడు వారాల తర్వాత, నేను సెలవులో ఉన్న రోజు, లైటు మార్చమని ఇంజనీరు గారు ఆ తాళం తీసి బాబాయికే ఇచ్చారు. అదే బీముకి నలిగి పోయాడు. కింద ఎవరూ లేరు.

పరామర్శకి వెళ్తే బాబాయి భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. "కింద ఒక్కడంటే ఒక్కడైనా లేడా బాబూ?"



ఆ రోజు భయానికి నా చెవులే అలా విన్నాయేమో. మరి పిడి ఎవరు లాగారు? బాబాయే అయితే, బతికున్న మనిషి రెండు చోట్ల ఎలా ఉంటాడు? బాబాయి కాకపోతే... నన్ను దించినవాళ్లెవరో, ఆయన్నెందుకు దించలేదు?

ఆవిడకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.