రూత్ ఓమా పండగ నియమం, నా తెలివి

మా చిన్నప్పుడు... అంటే మరీ పాతకాలమేం కాదు లెండి, కరోనా వచ్చిన ఏడాది, నాకు పన్నెండేళ్ళు... జర్మనీలో, మాగ్డెబర్గ్ ఊళ్ళో మా ఎదురింటి గుమ్మం ముందు చతికిలబడి పళ్ళపేస్టు ట్యూబు మీది సన్నక్షరాలు చదివేదాన్ని. గుమ్మానికి అవతల కుర్చీలో రూత్ ఓమా. ఇద్దరికీ మాస్కులు.

ఓమా అంటే జర్మన్‌లో అమ్మమ్మ. ఆవిడ యూదుల ఇంటి మనిషి, చూపు ఆనదు. వాళ్ళ పెసహ్ పండగ ఎనిమిది రోజులూ పొంగని రొట్టె తప్ప గోధుమ, బార్లీ, ఓట్స్‌తో చేసినవేవీ తినకూడదు. బ్రెడ్డు సంగతి సరే... పెదవులకు రాసుకునేవి, పుక్కిలించేవి కూడా పనికిరావనేది! నోట్లోకి పోతాయి కదా. అందరూ అంత పట్టించుకోరట, ఈవిడ పట్టింపు ఈవిడది. ట్యూబు మీద ‘వైట్సెన్’, అదే గోధుమ, అని కనబడిందా... పండగయ్యేదాకా ముట్టుకోకుండా తీసి అట్టపెట్టెలో పడేసేదాన్ని. ఎంత గొప్పో నాకు!

మా అమ్మ మురిసిపోయేది. "అచ్చం మన మడే కదే! జాగ్రత్త, పెద్దావిడ నియమం నీ చేతిలో ఉంది," అనేది.

పండగ మూడో రోజున ఓమాకి జ్వరం, ఆయాసం. అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళిపోయింది. ఆస్పత్రిలోకి ఎవరినీ రానివ్వరు, సంచి మాత్రం గేటు దగ్గర ఇవ్వొచ్చన్నారు. ఓమా ఫోన్ చేసి ఏమేం కావాలో నాకు చెప్పింది. చివర్లో, "ఆ అట్టపెట్టెలో నా పెదవుల క్రీము ఉంటుంది, అదీ పెట్టు తల్లీ," అంది.

మా దగ్గరున్న తాళంతో వాళ్ళిల్లు తెరిచి, ఆ క్రీము తీసి చూశాను. గోధుమ నూనె ఉంది అందులో. అయ్యో, జ్వరంలో ఈవిడకి గుర్తు లేదు, నియమం తప్పిపోతుంది అనుకున్నాను. సంచిలో పెట్టలేదు. ఎవరికీ చెప్పలేదు. ఓమా పండగని నేనే కాపాడానని తెగ పొంగిపోయాను.

నాలుగు రోజులకి ఆవిడ పోయింది... ఒక్కతే, దగ్గర ఎవరూ లేకుండా.

ఆస్పత్రి నర్సు ఫోన్‌లో నాన్నకి చెప్పిందట. పెదవులు పగిలి రక్తం వచ్చేదట. వాళ్ళేదో రాసినా, "పిల్ల నా క్రీము పెట్టే ఉంటుంది, సరిగ్గా చూడండి," అని సంచి తడుముకుంటూనే ఉండేదట.

వెక్కివెక్కి ఏడుస్తూ అమ్మకి చెప్పేశాను. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఓసి పిచ్చి తల్లీ... ఆతురానికి నియమం లేదే! జబ్బు చేస్తే మాకు అన్నీ మాఫీయేనని ఆవిడే నాతో అందే!"

ఆ మాట నాకెవరూ ముందు చెప్పలేదు... అడగాలని నాకూ తోచలేదు.

ఇప్పుడు మాస్కులు లేవు. ఆస్పత్రికి ఎవరైనా వెళ్ళొచ్చు, మంచం పక్కన కూర్చోవచ్చు. అంతా మామూలైపోయింది అంటారు. నాకు మాత్రం ఏదీ మామూలు కాలేదు.

మంచి చేస్తున్నాననుకుని చిన్నప్పుడు మీరూ ఎవరికైనా ఇలాంటిది చేశారా? చేసుంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని అనుకుంటాను, అంతే.