ఈరమ్మ చూపిన మచ్చల ఆకు

నానక్‌రామ్‌గూడలోని ఒక ఆఫీసు ఆవరణలో తోటపని చేసే ఈరమ్మకు వయ్యారిభామ మొక్కంటే ఒళ్లుమంట. తెల్లని చిన్న పూలతో చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పీకితే మాత్రం చేతుల నిండా దద్దుర్లు. నారాయణపేట నుంచి వచ్చి ఆరేళ్లయింది. తొడుగులు వేసుకున్నా ప్రతి వానాకాలం మోచేతుల దాకా గోక్కోవడమే. ప్రహరీ వెనకున్న ఖాళీ జాగా నిండా అదే మొక్క. పీకిన పది రోజులకు మళ్లీ మొలిచేది.

మొన్నటి శ్రావణంలో ఆ జాగాలో ఒక మూల మొక్కలు వాడిపోయి కనిపించాయి. ఆకుల మీద గోధుమరంగు మచ్చలు. పక్కనే గరిక మాత్రం పచ్చగా ఉంది. సూపర్‌వైజర్ వీరేశాన్ని అడిగింది.

"మందు గిట్ల కొట్టించినవా అన్నా?"

"నేనెందుకు కొట్టిస్త? దానికేదో రోగమొచ్చినట్టుంది. పీకి పారెయ్."

ఈరమ్మ పీకలేదు. మూడో అంతస్తులోని చిన్న ప్రయోగశాలలో మొక్కల తెగుళ్ల మీద పరిశోధన చేసే విశ్వేశ్వరరావు, రోజూ నాలుగింటికి చాయ్ గ్లాసుతో కిందికొచ్చి ఆమెతో మాట్లాడుతుంటాడు. గుంటూరు మనిషి. మచ్చల ఆకును కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది.

"సార్, గీ రోగం దీనికే వచ్చింది. గడ్డికి రాలే. జర చూడుర్రి."

ఆయన చాయ్ సగంలోనే వదిలేసి పైకి పరుగెత్తాడు.

నెలన్నర తర్వాత ఆమెను పిలిచి ఒక సీసా చూపించాడు. అడుగున చారులాంటి ద్రవం, పైన నల్లని బూజు.

"మచ్చలకు కారణం ఈ బూజేనండి. ఇది ఒక విషాన్ని వదులుతోంది. బూజును వడకట్టి తీసేసి, విషమున్న ఆ నీళ్లను కలుపు మందుగా వాడొచ్చేమో చూస్తున్నాం."

అనుమతి తీసుకుని ఖాళీ జాగాలో పూతకొచ్చిన మొక్కల మీద పిచికారీ చేశారు. వారం గడిచినా నాలుగాకులు పండాయి, అంతే. విశ్వేశ్వరరావు ముఖం చిన్నబోయింది. ఈరమ్మకు నవ్వొచ్చింది.

"గింత ముదిరినంక యాడ సస్తది సార్? మొలక మీద కొట్టి చూడుర్రి."

ఈసారి రెండాకుల మొలకల మీద కొట్టారు. మూడో రోజుకల్లా అవి ముడుచుకుపోయి నేలకు ఒరిగాయి. గరికకు ఏమీ కాలేదు. పక్కన కావాలని పెట్టిన బంతి నారూ నిక్షేపంలా ఉంది.

"నాకు తట్టలేదండి ఇది!" అన్నాడు విశ్వేశ్వరరావు, మోకాళ్ల మీద కూర్చుని మొలకలు చూస్తూ.

"మీరు సదివినోళ్లు సార్, పీకినోళ్లు గాదు గదా."

మందు బజారుకు రావాలంటే ఇంకా ఏళ్లు పడుతుందట. నేలకూ తేనెటీగలకూ హాని లేదని, ఎంత మోతాదు చాలో కూడా తేలాలి. అందుకు వందల మొలకలు కావాలి. వాటిని పెంచే పని ఈరమ్మకే అప్పగించారు. ఇప్పుడామె పొద్దున్నే మాస్కు పెట్టుకుని, ట్రేలలో వయ్యారిభామ విత్తులు చల్లి, ఎండ తగలకుండా గుడ్డ కప్పి, నీళ్లు చిలకరిస్తోంది.

మణికొండలో తనతో ఒకే గదిలో ఉంటున్న చెల్లెలు యాదమ్మ ఒక సాయంత్రం అడిగింది.

"ఆఫీసుల ఏదో పెంచుతున్నవంట గదక్కా, గులాబీలా?"

"వయ్యారిభామ."

"పిచ్చి గిట్ల లేసిందా ఏంది నీకు?"

ఈరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచీ చెప్పసాగింది. పొయ్యి మీద అన్నం ఉడికిపోయినా ఇద్దరూ లేవలేదు.