మార్లిస్ ముట్టనివ్వని హద్దు

అమెరికాలోని సెయింట్ పాల్‌లో, రోగుల నరాల్లోకి మందు ఎక్కించే పంపులు తయారుచేసే ఆ చిన్న కంపెనీలో మార్లిస్‌కి మొండిఘటమని పేరు. మందుల బీరువా తాళంచెవిని ఎవరి చేతికీ ఇవ్వని నర్సు కూతురు మరి. పంపుల్ని నడిపించడానికి తను రాసే ప్రోగ్రాములోనూ అంతే. గంటకు ఇంతకు మించి మందు ఎక్కకూడదన్న హద్దును, అన్ని పంపులకూ మూలమైన కోడ్‌లో, అంటే తల్లి క్లాసులో, ప్రైవేట్‌గా పెట్టింది. దాని ఆధారంగా ఒక్కో పంపుకి రాసే పిల్ల క్లాసులు తక్కినవన్నీ వాడుకోవచ్చు, ఆ హద్దు జోలికి మాత్రం పోకూడదు. పరాయి చెయ్యి పడితే ప్రాణం పోతుందని ఆమె భయం. అందులో తప్పేమీ లేదు.

నెలలు నిండని శిశువుల పంపు పని తోటి ప్రోగ్రామర్ డ్వేన్‌కి అప్పగించారు. వాళ్లకు హద్దు బాగా తగ్గాలి.

"మార్లిస్, దాన్ని ప్రొటెక్టెడ్ చెయ్యండి చాలు. పిల్ల క్లాసుకి అందుతుంది, నేను తగ్గించుకుంటా."

"ఇవాళ నువ్వు తగ్గిస్తావ్. రేపు ఇంకెవడో పెంచుతాడు. కుదరదు."

"మీ వంటింట్లోకి కోడల్నైనా రానిస్తారా?"

"రానిస్తా. పొయ్యి ముట్టుకోనివ్వను."

డ్వేన్ మళ్లీ అడగలేదు. చడీచప్పుడు లేకుండా ఆమె రాసిందంతా కాపీ చేసుకుని, అందులో హద్దు మార్చుకున్నాడు. పేరుకది పిల్ల క్లాసే, తల్లితో సంబంధం మాత్రం తెగిపోయింది.

మంచు కరిగే రోజుల్లో మార్లిస్‌కి ఒక లోపం దొరికింది. కరెంటు పోయి వస్తే, అప్పటిదాకా ఎక్కిన మందును పంపు మరిచిపోయి, సున్నా నుంచి లెక్కపెడుతోంది. తల్లి క్లాసులో సరిచేసి, పిల్లలన్నిటికీ అది చేరిందనుకుని నిశ్చింతగా కాఫీ తాగింది.

శిశువుల పంపుకి ఆఖరి పరీక్ష పెట్టారు. హద్దుకి గీత గీసిన గాజుగ్లాసులోకి మందు బదులు నీళ్లు వదులుతూ ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టారు. నీళ్లు గీత దాటిపోయాయి.

"ఇది నేను సరిచేశానే!"

"మీ దాంట్లో చేశారు. నాది కాపీ." డ్వేన్ ముఖం పాలిపోయింది. "మీరు తిడతారని చెప్పలేదు."

మార్లిస్ గ్లాసు వంక చూసింది. గ్లాసు బదులు అక్కడ పసిగుడ్డు ఉంటే? తలుపు మూసిందీ తనే, వాణ్ణి దొడ్డిదారి పట్టించిందీ తనే.

హద్దును ప్రైవేట్‌గానే ఉంచి, పక్కన ప్రొటెక్టెడ్‌గా ఒక దారి పెట్టింది. పిల్ల క్లాసు అడిగితే హద్దు తగ్గుతుంది, పెంచమంటే పంపు ఆగిపోతుంది. డ్వేన్ కాపీని చెరిపేసి, తల్లి క్లాసు నుంచే మళ్లీ రాశాడు. ఈసారి నీళ్లు గీత దగ్గరే ఆగాయి.

"ఇకమీదట నేను అడ్డమొస్తే పక్కనుంచి పోకు. నాతో పోట్లాడు," అంది మార్లిస్.

"మీరు కరుస్తారు కదా."

"కరుస్తాను. అయినా రా."