మింగేసిన ‘ట’

గోదావరికి మళ్ళీ ఎర్రనీరొచ్చింది. పొద్దున్న కిటికీ తీయగానే ఆ బురద వాసన ఇంట్లోకి కొట్టింది. వెంకటరత్నంగారు గుర్తొచ్చి మనసంతా పాడైంది. మీకాయన తెలియదు. రాజమండ్రిలో చిన్న ప్రెస్సు పెట్టుకుని ఒక మాసపత్రిక నడిపేవారు. నేనక్కడ డీటీపీ చేసేదాన్ని. తెలుగు బ్లాగులు కొత్తగా పుట్టుకొస్తున్న రోజులవి. రాజకీయాలు రాసే బ్లాగర్లకి ఆయన నెలనెలా ర్యాంకులిచ్చేవారు. ఆ పేజీ కోసమే పత్రిక కొనేవాళ్ళుండేవారు.

ఆయన కొలత ఒక్కటే. నేను ప్రింటు తీసిచ్చిన కాగితాలు ముందేసుకుని, “‘ట’ మింగేశాడమ్మా వీడు!” అని కేకేసేవారు. మంత్రి అలిగాడట అని విన్నవాడు, అలిగాడు అని రాశాడో, అడుక్కి పోవాల్సిందే. “శైలి బావుంది కదండీ” అని నేనోసారి ఒకతన్ని వెనకేసుకొచ్చాను. “అదేనమ్మా నా భయం. చూశాడో, విన్నాడో చెప్పనివాడు ఎంత బాగా రాస్తే అంత ప్రమాదం” అన్నారు.

కాకినాడ నుంచి రాసే బ్లాగరు ఒకాయన ఉండేవాడు, పేరెందుకులెండి. మంచి పలుకుబడి. వరసగా అడుగున పెట్టేసరికి ఆయనకి ఒళ్ళు మండింది. వెంకటరత్నం ఫలానా పార్టీ మనిషి, వాళ్ళు చెప్పినట్టే ర్యాంకులిస్తాడు అని రాసిపారేశాడు. అంతే, ఎన్నో ఏళ్ళుగా గురువుగారూ అంటూ వచ్చి కూర్చునేవాళ్ళు గుమ్మం తొక్కడం మానేశారు. నాకు ఏడుపొచ్చింది. జవాబు రాయండి సార్ అని పోరాను. “ఏం రాయను? నేను ఏ పార్టీలోనూ లేకపోవడం ఎవరు చూశారమ్మా?” అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

ఆ వానాకాలం వరదకి లంకలు మునిగాయి. కాకినాడాయన పడవెక్కి లంకల్లోకి వెళ్ళాడు. అక్కడి జనంతోనే ఉండి, సాయం ఎవరికందిందో, ఎవరికందలేదో రాశాడు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు. వెంకటరత్నంగారు అదంతా చదివి పెన్నుకి మూతపెట్టారు.

“మొదటి ర్యాంకు వెయ్యమ్మా.”

“మీకేమైనా పిచ్చా సార్? మిమ్మల్ని అంత మాటన్నవాడికా? భయపడి ఇచ్చారంటారు!”

“అంటారు. వెయ్యి.”

వేశాను. అన్నారు కూడా. పార్టీ మనిషన్న నోళ్ళే, దొరికిపోయి కాళ్ళబేరానికొచ్చాడన్నాయి. కాకినాడ నుంచి ఒక్క ఫోనైనా రాలేదు. కొన్నాళ్ళకే పత్రిక ఆగిపోయింది. ఆ తర్వాత ఆయనా ఎక్కువ కాలం లేరు. పోయిన రోజు ప్రెస్సు ముందు పట్టుమని పదిమంది లేరు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

మొన్నొక పెళ్ళిలో పాత పరిచయస్థుడొకాయన కనిపించి, “పాపం, మీ ప్రెస్సాయన చివర్లో భయపడిపోయాడు కదండీ” అన్నాడు.

“మీరు చూశారా?”

ఆయన భోజనాల వైపు చూశాడు.

“నేను చూశానండీ. పక్కనే కూర్చుని ఆ పేరు టైపు చేసింది నేనే. భయపడింది నేను, ఆయన కాదు.”

సరేలెండి అని ఆయన భోజనాలకి వెళ్ళిపోయాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అయినా అడిగినవాళ్ళందరికీ చెబుతూనే ఉంటాను. చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను.