బాబాయిగారు పారబోసిన పాలసీసా

మా పుట్టింటి పక్కింటి బాబాయిగారు పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చింది. నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కి కూర్చున్నా ఏడుపు రాలేదు. ఈ మధ్య దేనికైనా ముందు నీరసమే వస్తోంది.

ఆయన పాలడెయిరీ ల్యాబులో కెమిస్టు. పనీరు తీశాక మిగిలే తేటనీళ్ళు కాలవలోకి వదిలేస్తుంటే ఆయన ప్రాణం ఒప్పేది కాదు. తల్లిపాలలో తేట ఎక్కువ, గేదెపాలలో గడ్డకట్టేది ఎక్కువ, అందుకే డబ్బాపాలు పసివాళ్ళకి సరిగా అరగవనీ, ఆ తేటని శుద్ధిచేసి పొడిలో కలిపితే బిడ్డకి బలమనీ అరుగు మీద కూర్చుని అందరికీ చెప్పేవారు. వినేవాళ్ళు తక్కువ. మా అమ్మ వింది. అదే కొంప ముంచింది.

పుట్టింట్లో కాన్పయ్యాక నాకు పాలు పడలేదు. రెండు నెలల పాప డబ్బాపాలు తాగడం, కక్కడం. ఎత్తుకుంటే బరువే తెలిసేది కాదు. అమ్మ చూడలేక, పాలలో నిమ్మకాయ పిండి విరగ్గొట్టి, గుడ్డలో వడకట్టి, ఆ తేటతో డబ్బాపాలు కలిపి పట్టింది. రెండో రోజుకి విరేచనాలు. పాప కళ్ళు లోపలికి పోయాయి.

డ్యూటీ నుంచి వచ్చిన బాబాయిగారు సంగతి విని, సీసా వాసన చూసి, పాలన్నీ వాకిట్లో పారబోశారు.

"తేట మంచిదన్నాగానీ, ఈ తేట అన్నానాండి అక్కయ్యగారూ? దీన్నిండా పులుపు, ఉప్పులు! అవి తియ్యకుండా పోస్తే పసిదాని కిడ్నీలు తట్టుకుంటాయా?"

"మీరు చెప్పిందే గదయ్యా చేశా," అంటూ అమ్మ గోడకి జారబడి ఏడ్చింది.

ఆయన కాళ్ళు కూడా కడుక్కోకుండా మాతో విజయవాడ బస్సెక్కారు. పిల్లల ఆసుపత్రి వరండాలో మూడు రోజులు కూర్చున్నారు. పాప దక్కింది.

ఆ తర్వాత అరుగు మీద ఆ ఊసెత్తలేదు. ల్యాబులో మాత్రం మానలేదు. ఉప్పులు తీసే మిషను కొనమని అడిగీ అడిగీ రిటైరయ్యారు. "సగం చెప్పేకంటే చెప్పకపోవడం నయం అమ్మాయ్," అనేవారు. నాకు ఒళ్ళు మండేది. తప్పు మాది కూడా కదా, అంతా మీరే మొయ్యాలా అని అడగాలనుకునేదాన్ని. అడగలేదు. ఇప్పుడెవర్ని అడగను?

కొన్నేళ్ళకి ఉప్పులు తీసిన తేటపొడి కలిపిన పాలడబ్బాలు మా ఊరి మందులషాపులోకి వచ్చాయి. ఒకటి తెచ్చి చూపిస్తే లేబులంతా చదివారు. "ఎవరు చేస్తే ఏంటమ్మా, పిల్లలకి అందింది," అన్నారు.

కిందటి నెల ఆయన మంచాన ఉంటే పాపని తీసుకెళ్ళా. పదో తరగతి ఇప్పుడు. ఆయన దాని చెయ్యి దగ్గరికి లాక్కుని, ఒకప్పుడు పుల్లలా ఉన్న ఆ ముంజేతి చుట్టూ బొటనవేలు, చూపుడువేలు వేసి చూశారు. కలవలేదు. ఇంకాస్త బిగించారు. అయినా కలవలేదు. ఆ చెయ్యి వదలకుండా అలాగే నిద్రలోకి జారుకున్నారు.