కోత మిషన్ దగ్గర మొదలైన చదువు

ఇంటర్ రెండో ఏడు దసరా సెలవులకు కర్నూలు హాస్టల్ నుంచి బేతంచెర్ల వచ్చానే గానీ, నా మనసు ఇంట్లో లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మా నాన్న బండల ఫ్యాక్టరీ వెనక, నీడలో పేర్చిన పాలిష్ బండల మీద వెల్లకిలా పడుకునేదాన్ని. వీపు కింద చల్లగా ఉండేది. కోత మిషన్ మీద పడే నీళ్ల చప్పుడు వింటూ కళ్లు మూసుకుంటే, ఇంకా ఎవరూ తయారుచేయని యంత్రాలు కనిపించేవి. ముసలివాళ్లు కూడా భయపడకుండా వాటిని ముట్టుకునేవాళ్లు. అవి మర్యాదగా జవాబిచ్చేవి. ఎంతసేపు అలా తేలిపోయేదాన్నో, అమ్మ కేకేస్తే గానీ నేల మీదికి వచ్చేదాన్ని కాదు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. ఈ పిచ్చి నాకు కర్నూల్లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పట్టుకుంది. మనిషికీ యంత్రానికీ మధ్య నడిచే వ్యవహారాన్ని తీర్చిదిద్దడం కూడా ఒక ఉద్యోగమేనని, దాన్ని ఇంటరాక్షన్ డిజైన్ అంటారని అక్కడే చదివాను. ఆ పేరుతో డిగ్రీ మా చుట్టుపక్కల ఎక్కడా లేదు. అందుకని నోట్సు చివరి పేజీలో నా డిగ్రీని నేనే కట్టుకున్నాను. మొదటి ఏడు బొమ్మలు గీయడం, తర్వాత మనుషుల మనసు గురించి, ఆ పైన కంప్యూటర్లు. సెలవుల్లో ఏ బస్టాండులోనో కూర్చుని జనం ఎక్కడ తడబడుతున్నారో చూడటం. వీటన్నిటికీ దగ్గరగా ఉన్నది బయటి రాష్ట్రంలోని ఒక డిజైన్ కాలేజీ. దాని ప్రవేశపరీక్ష ఫారం సంచిలో పెట్టుకుని వచ్చాను. నాన్న సంతకం ఒక్కటే కావాలి. ఆయనేమో ఇంజనీరింగ్ తప్ప ఇంకేదీ చదువు కాదనుకునే మనిషి. బొమ్మలేసుకోవడానికి అంత దూరం ఎందుకని రెండుసార్లు నవ్వి తీసిపారేశాడు.

ఆయుధపూజ నాడు ఫ్యాక్టరీలో బొట్లు పెట్టే పని నాది. వారం కిందటే వచ్చిన కొత్త కోత మిషన్ మీద భక్తి కొంచెం ఎక్కువే చూపించాను. ఆడించే పచ్చ బొత్తాం, ఆపే ఎర్ర బొత్తాం, రెంటికీ కుంకుమ దట్టంగా మెత్తాను. నాన్న హుషారుగా ఉన్నాడు. మర్నాడు మళ్లీ ఫారం మీద సంతకం అడుగుదామనుకున్నాను.

మర్నాడు పొద్దున, ఇరవై ఏళ్లుగా మా దగ్గర కోత పని చేస్తున్న పెద్దాయన కొత్త మిషన్ మీద ఒక పెద్ద బండ ఎక్కించాడు. అది వంకరగా పోతోందని ఆపబోయాడు. మిషన్ ఆగలేదు. మళ్లీ నొక్కాడు. బండ మూల విరిగి నీళ్లలో పడింది. నాన్న పరుగెత్తుకొచ్చి మెయిన్ స్విచ్ ఆపేసి, అందరి ముందూ అన్నాడు.

"కండ్లు యాడ పెట్టుకోని పని చేస్తాండావప్పా?"

పెద్దాయన తల వంచుకున్నాడు. నేను బొత్తాల వైపు చూశాను. రెండూ ఒకే ఎరుపు. నోరు మూసుకుంటే ఫారం మీద ఆశ మిగిలేది. కాసేపు మూసుకున్నాను కూడా. ఆ కాసేపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత, కుంకుమ మెత్తింది నేనేనని చెప్పేశాను. మొదలుపెడితే నాకు నోరు ఆగదు. పాత మిషన్‌కు ఆపే బొత్తాం కింద ఉండేదని, కొత్తదానికి పైన పెట్టారని, ఇరవై ఏళ్లు కిందికే పోయిన చేయి ఇప్పుడూ కిందికే పోతుందని, వారంగా ఆయన రంగు చూసి నెట్టుకొస్తుంటే ఆ రంగునూ నేను కప్పేశానని గడగడా అనేశాను. బొత్తాలు తుడిచి, పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి ఆపే బొత్తాం మీద అంటించాను. పెద్దాయనను కళ్లు మూసుకుని వెతకమన్నాను.

పెద్దాయన చేయి మొదట కిందికే పోయింది. అక్కడ నున్నగా తగిలేసరికి పైకి జరిగి రబ్బరు మీద ఆగింది. ఇంకో రెండుసార్లు చూశాడు. రెండుసార్లూ సరిగ్గానే దొరికింది.

"నాకే వయసైపోయిందనుకుంటి పాపా. పండగైతానే పని మానుకుంటానని ఇంట్లో చెప్పినా."

నాన్న ఆ రబ్బరు ముక్కను వేలితో తడిమి చూశాడు. ఆయన అన్న మాట వెనక్కి తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆరోజు మాత్రం పెద్దాయన భుజం మీద చేయి వేసి, మనసులో పెట్టుకోవద్దన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఈ చదువు యాడ చెప్తారమ్మా?"

మూడు నెలలుగా ఆ ప్రశ్నకే జవాబు తయారుచేసుకుంటూ ఉన్నాను. ఆ జవాబంతా పక్కన పెట్టి పరుగున పోయి ఫారం తెచ్చి చేతికిచ్చాను.