ఫోన్లోనే ఉండనిచ్చిన యాప్

మొన్న మాదన్నపేట మార్కెట్లో చుక్కకూర కట్టలు ఏరుకుంటుంటే, గంపల వెనకనుంచి ఒక ఫోను "క... కలం, ఖ... ఖడ్గం" అని పసిగొంతుతో పలికింది. కూరలమ్మే ఆమె బిడ్డ చదువుకుంటోంది. ఆ గొంతు వినగానే నా చెయ్యి సంచిలోకి పోయి నా ఫోనును గట్టిగా నొక్కిపట్టింది. అలా అక్షరాలు నేర్పే యాప్ ఇప్పుడు నా ఫోన్లో లేదు. అయినా సిగ్గుతో ముఖం మండింది. వెంటనే విమలా మేడం గుర్తొచ్చారు.

నాన్న సర్వీసులో ఉండగానే పోతే ఆయన ఉద్యోగం నాకిచ్చారు. నయాపూల్ దగ్గర ఒక పాత ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు పని. బడిలో ఏడో తరగతి దాకా నన్ను పైకి పంపుతూ వచ్చారు గాని అక్షరాలు మాత్రం నాతో రాలేదు. సంతకం పెట్టగలను, అంతే. ఫైళ్లను అట్టల రంగును బట్టి గుర్తుపట్టేదాన్ని. ఎవరైనా కాగితం చదవమంటే కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానని చెప్పేదాన్ని. నాకసలు కళ్లజోడే లేదు. మా సెక్షన్‌కు పెద్ద విమలా మేడం. రోజూ ఫలక్‌నుమా నుంచి బస్సులో వచ్చేవారు. నవ్వడం తక్కువ. తప్పున్న కాగితం ఎంతటివారిదైనా వెనక్కి పంపేవారు. అబద్ధం ఆమెకు గిట్టదని అందరికీ తెలుసు.

ఒకసారి హాజరు ఫోన్లోనే వెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. యాప్‌లో ముఖం చూపిస్తే హాజరు పడుతుంది. నా ఫోన్లో ఆ యాప్ ఎక్కలేదు. ఎక్కించబోయినప్పుడల్లా తెరమీద ఏవో రెండు వరుసలు వచ్చి ఆగిపోయేది. పక్క సీటు నర్సింగన్న తొంగిచూసి, "ఏమొచ్చింది?" అన్నాడు.

"ఏమో అన్నా, ఫోన్ ఖరాబైనట్టుంది."

"రాసుంది గద. సదువరాదు," అన్నాడు. చదవకూడదా అని ఆయన ఉద్దేశం. నాకు మాత్రం 'చదువు రాదు' అన్నట్టే వినిపించి ఫోను బోర్లా పెట్టేశాను.

"స్వప్నా, ఫోన్ ఇటు తే," అన్నారు మేడం. చూసి, "మంచిగనే ఉంది. జాగ లేదు, గంతే," అని తన పాత ఫోన్లోని మెమరీ కార్డు తీసి నా దాంట్లో పెట్టారు. సెట్టింగుల్లోకి వెళ్లి ఒక్కో యాప్‌నూ కార్డులోకి మార్చసాగారు. అక్క పిల్లల ఆటలు, అమ్మ వినే భజనలు కార్డులోకి వెళ్లాయి. ఫోనుతోపాటు వచ్చినవి కొన్ని కదల్లేదు. అంతలో ఆమె వేలు తగిలి ఇంకో యాప్ తెరుచుకుంది. "క... కలం" అని సెక్షనంతా వినపడేలా అరిచింది.

రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని నేను దాచుకున్న యాప్ అది. అందరూ తలలెత్తారు.

"ఎవరి పిల్లలది మేడం?" అన్నాడు నర్సింగన్న.

"నా మనుమరాలిది. నేనే ఎక్కియ్యమన్న," అన్నారు ఆమె తల తిప్పకుండా. తర్వాత నాకు మాత్రమే వినపడేలా, "దీన్ని కార్డుల ఎయ్యను. కార్డు తీస్తె తెరుచుకోదు. ఇది ఫోన్లనే ఉండాలె," అన్నారు.

హాజరు యాప్ ఎక్కింది. గండం గడిచిందనుకున్నాను. సాయంత్రం బస్టాపులో నర్సింగన్న ఎటో చూస్తూ మెల్లగా, "మేడంకు మనుమరాలు యాడిది స్వప్నా? పెండ్లే చేసుకోలె గద," అన్నాడు. అంటే అందరికీ తెలిసిపోయింది. బహుశా అంతకుముందే తెలుసు. నా లేని కళ్లజోడు కథ విన్న ప్రతి ముఖమూ గుర్తొచ్చింది. మర్నాడు జ్వరమని చెప్పి పనికి పోలేదు.

తిరిగి వెళ్లిన రోజు మేడం నన్ను రికార్డు గదిలోకి పిలిచారు. "నాకు అబద్ధమాడ చాతగాదు. మొత్తానికి అందరికి ఎరుకైంది," అన్నారు. ఆమె ముఖంలో కూడా సిగ్గు చూశాను.

"మస్తు సిగ్గైతుంది మేడం. ఈడ పని చెయ్యలేను."

"సిగ్గైతె కానియ్యి. సిగ్గు పొయినంక సదువుత అంటె ఎన్నడు సదువవు. సిగ్గువడుకుంటనే సదువు," అని ఒక ఫైలు నా ముందుకు తోశారు. "భూ" అన్నాను. తర్వాతి అక్షరం నోట్లో చాలాసేపు తిరిగింది. ఆమె అందించలేదు, లేచి వెళ్లనూ లేదు. "మి" అనేసరికి ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచి అన్నం తిన్నాక అదే గదిలో అదే పని. కొన్ని రోజులు ఆమె మీద కోపంతో పళ్లు కొరికేదాన్ని. అయినా వెళ్లేదాన్ని.

ఆమె రిటైరైన రోజు సన్మాన పత్రం నన్నే చదవమన్నారు. "పురస్కరించుకొని" దగ్గర నాలుక తిరగలేదు. నర్సింగన్న ఫ్యాను వైపు చూస్తున్నాడు. మేడం నన్నే చూస్తున్నారు, రికార్డు గదిలో చూసినట్టే, ఏ తొందరా లేకుండా. మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేశాను.

ఆమె ఇప్పుడు లేరు. నాకు చదువు వచ్చింది. సిగ్గు మాత్రం పోలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తూ కూడా ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదోనని మళ్లీ మళ్లీ చూసుకున్నాను. నలుగురిలో కాగితం చేతికిస్తే నాకిప్పటికీ చెవులు వేడెక్కుతాయి. వేడెక్కనిచ్చి, మొదటి మాట చదువుతాను.